ముందు నోరు విప్పేది ఎవరు?

తెలుగులో ప్రేమ నవలలు చదివినవాళ్లకు రాజశేఖరాన్ని పరిచయం చేయనక్కర్లేదు. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'లో డబ్బు, హోదా, ఎదుటివాళ్లను ఆలోచనలో పడేసే మౌనం అన్నీ అతని వైపే ఉంటాయి. జయంతి వైపు ఉన్నది ఆత్మాభిమానం. ఇద్దరూ మనసులో మాట దాచుకుంటారు. అపార్థం మీద అపార్థం పేరుకుంటుంది. ఆ కథ నడవడానికి కావలసిన ఎగుడుదిగుళ్లు మాత్రం రచయిత్రి కొత్తగా కల్పించినవి కావు, లోకంలో ముందే ఉన్నవి. అతను మగవాడు, యజమాని. ఆమె ఆడపిల్ల, ఉద్యోగి. ఎవరు ముందు అడగాలో, ఎవరు తలవంచుకుని వినాలో చదివేవాళ్లకు ముందే తెలుసు. ఆ లెక్క ఎక్కడ తప్పుతుందా అన్నదే ఉత్కంఠ.

ఆ ఇద్దరి స్థానంలో ఇద్దరు మగవాళ్లను పెట్టి చూడండి. అందులోనూ ఒకరికొకరు తీసిపోనివాళ్లను. ఇద్దరు రాకుమారులు, ఇద్దరు సేనాపతులు, ఇద్దరు జట్టు కెప్టెన్లు. ఇద్దరికీ ఆజ్ఞాపించడమే అలవాటు, ఒకరి ముందు తగ్గడం ఇద్దరికీ చేతకాదు. లోకం ఇచ్చే ఎగుడుదిగుళ్లు ఇక్కడ పనికిరావు. అందుకే ఇలాంటి ప్రేమకథలు రాసేవాళ్లు దాదాపు అందరూ రహస్యాన్నే ఆశ్రయించారు. ఒకడికి తెలిసినది రెండోవాడికి తెలియదు. తెలిసినవాడిది ఆ క్షణానికి పైచేయి. రెండోవాడి దగ్గరా ఇంకో రహస్యం ఉంటే తక్కెడ అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. ఈ కథల్లో చాలావాటిని చదివాక, చూశాక నాకు అనిపించింది ఒకటే. రహస్యం ఎంత పెద్దదన్నది పెద్ద లెక్కలోకి రాదు. అది తెలిసిపోయినవాడు ఏం చేశాడు, చెప్పాల్సినవాడు తనంతట తాను చెప్పాడా లేదా అన్న దగ్గరే కథ నిలబడుతుంది, లేదంటే కూలిపోతుంది.

ఇద్దరు వీరుల్లో పైచేయి ఎవరిదన్న తగువు చాలా పాతది. ప్లేటో 'సింపోజియం'లో ఫీడ్రస్ అనే అతను నాటకకర్త ఎస్కిలస్‌ను ఈ విషయం మీదే తప్పుపడతాడు. ఎస్కిలస్ తన నాటకంలో హోమర్ కావ్య వీరుల్లో అకిలీస్‌ను ప్రేమించేవాడిగా, పాట్రోక్లస్‌ను ఆ ప్రేమ అందుకునేవాడిగా చూపాడు. అది అర్థం లేని మాట అంటాడు ఫీడ్రస్. అకిలీస్ వయసులో చిన్నవాడు, అందరికన్నా అందగాడు, ఇంకా గడ్డమైనా రానివాడు, కాబట్టి ప్రేమను అందుకోవాల్సింది అతనే అని అతని వాదం. ఆ ఇద్దరూ ప్రేమికులని హోమర్ ఎక్కడా స్పష్టంగా చెప్పలేదు. అయినా ఇద్దరు సమానులను పక్కపక్కన చూడగానే గ్రీకులు వాళ్లను తమకు తెలిసిన పెద్ద-చిన్న చట్రంలో బిగించడానికి తంటాలు పడ్డారు.

జపాన్‌లోనూ దాదాపు ఇదే జరిగింది. 1970లలో మోటో హాగియో, కేకో తకేమియా వంటి యువ రచయిత్రులు అమ్మాయిల పత్రికల్లో అబ్బాయిల మధ్య ప్రేమను బొమ్మల కథలుగా గీశారు. తకేమియా 'కాజే టో కి నో ఉటా' 1976లో మొదలైంది. ఇవే కథల కోసం 1978లో 'జూన్' అనే పత్రిక వచ్చింది. తరవాతి దశాబ్దాల్లో ఆ సాహిత్యం చొరవ తీసుకునేవాడిని 'సెమె' అనీ, దాన్ని స్వీకరించేవాడిని 'ఉకె' అనీ విడదీసి, పుస్తకం అట్ట మీద బొమ్మ చూడగానే ఎవరు ఏదో తెలిసేటంత గట్టిగా ఆ చట్రాన్ని బిగించింది. ఇంగ్లీషులో అభిమానులు రాసుకునే కథల్లో 2010 ప్రాంతంలో చొరవ తీసుకునే ఆల్ఫా, స్వీకరించే ఒమేగా అనే కల్పిత రకాలు పుట్టాయి. అదే చట్రాన్ని ఈసారి శరీరంలోకే ఎక్కించారు. దాని మీద విసుగుతోనే కొందరు 'ఇద్దరూ ఆల్ఫాలే' అనే కథలు రాయడం మొదలుపెట్టారు. ఆ విసుగును నేను గౌరవిస్తాను. తగ్గేవాడు ఎవరో ముందే తేలిపోయిన కథలో ప్రేమ ఉండొచ్చు గానీ, ఎదుటివాడి కోసం తనంతట తాను తగ్గడంలో ఉండే విలువ ఉండదు.

రహస్యం ఈ కథల్లోకి మొదట వచ్చింది ప్రేమికుల మధ్య అడ్డుగోడగా కాదు. పోలీసుల భయంతో వచ్చింది. బ్రిటన్‌లో 1885 నాటి చట్ట సవరణ మగవాళ్ల మధ్య సంబంధాన్ని, నాలుగు గోడల మధ్యదైనా సరే, శిక్షార్హం చేసింది. ఆస్కార్ వైల్డ్ 1895లో జైలుకు వెళ్లింది దాని కిందే. బెదిరించి డబ్బు గుంజేవాళ్లకు ఆ చట్టం మంచి ఆయుధమైంది. 1961 నాటి 'విక్టిమ్' సినిమా కథ సరిగ్గా ఇదే. పేరున్న బారిస్టరు ఒకరు అలాంటి ముఠాను పట్టించాలంటే తన రహస్యాన్నే బయట పెట్టుకోవాలి. ఇ.ఎం. ఫార్‌స్టర్ 1913-14లో రాసిన 'మారిస్'ను బతికున్నంత కాలం అచ్చు వేయలేదు. ఆయన పోయాక, 1971లో వచ్చింది. కథ సుఖాంతం కావాలని ఆయన పట్టుబట్టడమే ఆ జాప్యానికి పెద్ద కారణం. నేరస్థులు హాయిగా బతికారని రాస్తే ఊరుకునే కాలం కాదది. ఈ కథలన్నిటిలో రహస్యం లోకం నుంచి దాచేది. ఇద్దరు ప్రేమికులూ దానికి ఇటువైపే ఉంటారు.

ఆ గీత దాటిన కథగా నేను ఆనీ ప్రూ 1997లో రాసిన 'బ్రోక్‌బ్యాక్ మౌంటెన్'ను లెక్కిస్తాను. ఆంగ్ లీ దాన్ని 2005లో సినిమా తీశారు. ఎనిస్, జాక్ ఇద్దరూ పశువులు, గొర్రెలు కాసి బతికే మొరటు మనుషులే. ఇద్దరూ ఇరవై ఏళ్ల పాటు భార్యల నుంచి, ఊరి నుంచి దాస్తారు. పాఠకుడి గుండె పట్టేసే రహస్యం మాత్రం జాక్ ఎనిస్ నుంచి దాచినది. జాక్ పోయాక ఎనిస్ అతని తల్లిదండ్రుల ఇంటికి వెళతాడు. జాక్ గదిలో, గోడ మూలన ఒక మేకుకు చొక్కా వేలాడుతుంటుంది. చేతి మీద ఎండిన నెత్తురు మరకలు ఉంటాయి. ఆ చొక్కా లోపల ఇంకో చొక్కా. ఎప్పుడో పోయిందనుకున్న తన చొక్కాయే. జాక్ దాన్ని దొంగిలించి, తన చొక్కాలో దోపి అన్నేళ్లూ దాచుకున్నాడు. ఇరవై ఏళ్లలో ఎవరూ నోరు విప్పి అనని మాట ఆ చేతుల మడతలో ఉంది. చెప్పాల్సినవాడు ఇక లేడు.

ఇద్దరు బలవంతులు ఒకరినొకరు మోసగించుకుంటూ ప్రేమలో పడే కథకు నేటి పాఠకుల్లో పెద్ద ఆదరణ తెచ్చింది ఆస్ట్రేలియా రచన 'క్యాప్టివ్ ప్రిన్స్'. సి.ఎస్. పకాట్ దీన్ని మొదట అంతర్జాలంలో ధారావాహికగా రాశారు, 2013లో సొంతంగా అచ్చు వేశారు, 2015లో పెంగ్విన్ తీసుకుంది. మూడో భాగంతో 2016లో కథ ముగిసింది. అకీలోస్ యువరాజు డామియానోస్‌ను సవతి సోదరుడు కుట్ర చేసి, బానిసగా శత్రుదేశానికి పంపేస్తాడు. అతను చేరింది వేర్ యువరాజు లారెంట్ ఇంటికి. ఆరేళ్ల కిందట మార్లాస్ యుద్ధంలో లారెంట్ అన్నను చంపింది ఈ డామియానోసే. నిజం తెలిస్తే ప్రాణం దక్కదు కాబట్టి డేమెన్ అనే పొట్టి పేరుతో తలదాచుకుంటాడు. లారెంట్ మొదట్లో అతన్ని అసహ్యించుకుంటాడు, కొరడాలతో ఒళ్లు చీరేయిస్తాడు. తన సింహాసనం మీద కన్నేసిన బాబాయి నుంచి ప్రాణం కాపాడుకోవాలంటే మాత్రం ఈ బానిస భుజబలం, యుద్ధనైపుణ్యం లారెంట్‌కు కావాలి.

రెండు భాగాల పాటు మనం డేమెన్ వైపు నుంచే చూస్తాం. లారెంట్‌కు ఎప్పుడు తెలుస్తుందో, తెలిసిన రోజు ఏమవుతుందో అని అతనితో పాటే వణుకుతాం. చివరికి తేలేదేమిటంటే, లారెంట్‌కు మొదటి నుంచీ తెలుసు. తెలిసే కొట్టించాడు. తెలిసే అతని పక్కన నిలబడి యుద్ధం చేశాడు. తెలిసే అతనికి దగ్గరయ్యాడు. అది తెలిశాక మళ్లీ మొదటి పేజీ తెరిస్తే ప్రతి సంభాషణకూ రెండో అర్థం వస్తుంది. దాచాననుకున్నవాడే తెలియనివాడయ్యాడు. బలహీనుడిగా కనిపించినవాడు అన్నను చంపినవాడి ముఖంలోకి రోజూ చూస్తూ, ఆ కోపాన్ని తనలోనే అణుచుకున్నాడు. నేను చదివిన ఈ రకం కథల్లో రహస్యాన్ని ఇంత పకడ్బందీగా వాడింది ఇంకొకటి లేదు.

ఈ పుస్తకం మీద వచ్చిన విమర్శ కూడా న్యాయమైనదే. బానిసత్వం, బలవంతపు లైంగిక హింస, చిన్నపిల్లల మీద పెద్దల దౌష్ట్యం కథలో నిండి ఉంటాయి. వాటి నడుమ ప్రేమ మొలకెత్తడం చాలామందికి మింగుడుపడలేదు. ఇంకో ప్రశ్న ఈ ప్రక్రియ మొత్తానికీ వర్తిస్తుంది. ఎదుటివాడు ఎవరో తెలియకుండా చెప్పిన 'సరే' నిజమైన సమ్మతేనా? శత్రువును మిత్రుడనుకుని దగ్గరయ్యాక, ఆ దగ్గరితనం ఎవరిది? పకాట్ దీనికి ఇచ్చిన జవాబు చమత్కారమైనది. ఇద్దరికీ నిజం తెలిసే ఉందని తేల్చి, మోసం అనే మాటకే చోటు లేకుండా చేశారు. ఇదే ఎత్తుగడను అనుకరించిన చౌకబారు కథల్లో ఆ జాగ్రత్త కనిపించదు. ఒకడు ఏడాది పాటు అబద్ధం ఆడతాడు, దొరికిపోతాడు, ఒక రాత్రి వానలో నిలబడి ఏడుస్తాడు, రెండోవాడు క్షమిస్తాడు. అంత తేలికైన క్షమ నాకు నచ్చదు. ఎదుటివాడి జీవితాన్ని అబద్ధం మీద నిలబెట్టడం చిన్న నేరం కాదు.

చైనాలో ఈ కథలు ఇంకో దారి పట్టాయి. ప్రీస్ట్ అనే కలం పేరుతో రాసే రచయిత్రి నవల ఆధారంగా 2021లో వచ్చిన 'వర్డ్ ఆఫ్ ఆనర్' ధారావాహిక దానికి మంచి ఉదాహరణ. జౌ జిషు ఒక గూఢచారి దళానికి అధిపతి. ఆ కొలువు వదలాలంటే చావాలి, లేదా ఒంట్లోకి ఏడు మేకులు దించుకుని మూడేళ్ల ఆయుష్షుతో బయటపడాలి. అతను మేకులనే ఎంచుకుని, ముఖానికి రోగిష్టి మనిషి వేషం వేసుకుని తాగుతూ తిరుగుతుంటాడు. వెన్ కషింగ్ చేతిలో విసనకర్రతో నవ్వుతూ అతని వెంటపడతాడు. అతను లోకమంతా వణికే దయ్యాల లోయకు నాయకుడు, ఆ సంగతి దాస్తాడు. మారువేషాన్ని వెన్ పసిగట్టేది ముఖం చూసి కాదు, భుజాల వెనక ఎముకల అందం చూసి. అలాంటి భుజాలున్నవాడు అందగాడై తీరాలని వాదిస్తాడు. మొదట అది పరాచికం. రుచి, వాసన ఒక్కొక్కటే జౌను వదిలి పోతుంటే, ఆ సంగతి పైకి తెలియకుండా అతను నెట్టుకొస్తుంటే, వెన్ పరాచికాలు ఆగిపోతాయి.

ఇక్కడ ప్రేమికులు దాచుకునే రహస్యాల పైన ఇంకో రహస్యం ఉంది. చైనాలో స్వలింగ సంబంధం 1997 నుంచి నేరం కాదు గానీ, టీవీ తెర మీద దాన్ని చూపించనివ్వరు. నవల్లో ప్రేమికులైన వాళ్లు తెర మీద ప్రాణస్నేహితులు కావాలి. అయితే ఆ ధారావాహికకు డబ్బింగ్ చెప్పారు. కొన్ని చోట్ల నటుల పెదాలు ఒక మాట పలికితే వినిపించేది ఇంకో మాట. ప్రేక్షకులు దృశ్యాలను ఆపి ఆపి చూస్తూ, పెదాల కదలికను చదివి, తీసేసిన మాటలను బయటికి లాగారు. చెప్పనివ్వని ప్రేమ మాటను చూసేవాళ్లే పూర్తి చేసుకున్నారు. అదే ఏడాది ఆఖరుకు ఇలాంటి నవలల నుంచి తీసే ధారావాహికలన్నిటికీ ప్రభుత్వం గట్టిగా కళ్లెం వేసింది. అంతకుముందు, 2018లో, ఇలాంటి శృంగార నవల రాసి అమ్మిన ఒక రచయిత్రికి అన్హుయి ప్రాంతపు కోర్టు పదేళ్లకు పైగా జైలుశిక్ష వేసింది. ప్రేమకథకు ఆ శిక్షా అని మనసు రగిలిపోతుంది.

ప్రీస్టే రాసిన 'షా పో లాంగ్' గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. సామ్రాజ్యాన్ని కాపాడే సేనాపతి గూ యున్‌కు చూపూ వినికిడీ తగ్గిపోతున్నాయి. మందు తాగినంత సేపు కనిపిస్తుంది, వినిపిస్తుంది. ఆ మందు పనితనం నానాటికీ సన్నగిల్లుతోంది. అతన్ని ప్రేమించే చాంగ్ గంగ్ ఒంట్లో పసితనంలోనే ఎక్కించిన విషం ఉంది, అది మతిభ్రమణంలోకి నెడుతుంది. ఇద్దరూ తమ రోగాన్ని దాస్తారు, రెండోవాడు దిగులు పడతాడని. బలాన్ని పెంచే రహస్యాలు కావివి, బలహీనతను కప్పే రహస్యాలు. తనను ఎవరో ఒకరు మోయాల్సి వస్తుందేమోనన్న భయం మగవాళ్లలో ఎంత లోతుగా ఉంటుందో ఈ నవల చూపినంతగా ఇంకేదీ చూపలేదు. మన ఇళ్లలో షుగరు రిపోర్టును బీరువాలో దాచే తండ్రుల్లోనూ ఆ భయమే ఉంటుంది.

కెనడా రచయిత్రి రేచెల్ రీడ్ 2019లో రాసిన 'హీటెడ్ రైవల్రీ' ఇప్పుడు అందరి నోళ్లలో నానుతోంది. 2025 నవంబరులో అది ధారావాహికగా వచ్చాక దాని పేరు సముద్రాలు దాటింది. షేన్, ఇల్యా ఇద్దరూ ఐస్ హాకీలో మేటి ఆటగాళ్లు, వైరి జట్ల నాయకులు. మైదానంలో కొట్టుకుంటారు, చాటుగా కలుసుకుంటారు. ఫోనులో ఒకరి నంబరు ఒకరు ఆడపేర్లతో దాచుకుంటారు. లోకం నుంచి దాచడం సరే, దానికి కారణం ఉంది. ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగు ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడుతూ ఉండగా తాను గే అని చెప్పుకున్న ఆటగాడు ఇంతవరకూ లేడు. ఇల్యా రష్యన్, ఇంటికి వెళితే చట్టమే శత్రువు. కానీ ఏళ్ల తరబడి ఇద్దరూ ఒకరి నుంచి ఒకరు దాచేది ప్రేమనే. ఇది ఒంటి సుఖం కోసమే, అంతకు మించి ఏమీ లేదన్నట్టు నటిస్తారు. ధారావాహికలో ఒక ఘట్టం ఉంది. తండ్రి పోయిన దుఃఖంలో ఇల్యా రష్యా నుంచి ఫోను చేస్తాడు. ఇంగ్లీషు మాటలు దొరకవు. నీ భాషలోనే చెప్పు, నాకు అర్థం కాకపోయినా ఫర్వాలేదంటాడు షేన్. ఇల్యా తన మనసంతా, ప్రేమతో సహా, రష్యన్‌లో కుమ్మరిస్తాడు. షేన్‌కు ఒక్క ముక్కా తెలియదు, ఫోను పట్టుకుని వింటాడు. అహంకారం ఉన్నవాడు నోరు విప్పడానికి ఇంతకన్నా నిజాయతీ ఉన్న దారి నాకు తోచడం లేదు.

ఈ కథలు రాసేవాళ్లలో, చదివేవాళ్లలో స్త్రీలే ఎక్కువ. ఇద్దరు మగవాళ్ల కథ వాళ్లకెందుకని అడిగేవాళ్లున్నారు. నాకు కారణం సూటిగానే కనిపిస్తుంది. రాజశేఖరం ఎంత మంచివాడైనా అతని ఇంట్లో జయంతి స్థానం ఏమిటన్న బెంగ పాఠకురాలిని వదలదు. ఇద్దరూ సమానులైన కథలో ఆ బెంగ లేకుండా ప్రేమను చూడొచ్చు. అయితే నిజంగా అలా బతికే మగవాళ్లు ఈ కథల్లో తమ ముఖాలు కనిపించడం లేదంటే, ఆ మాటా వినాలి. అందగాళ్లైన రాకుమారులకు ఇంటద్దె, అమ్మ తెచ్చే పెళ్లిసంబంధాలు, ఆసుపత్రిలో 'మీరు పేషెంటుకు ఏమవుతారు' అనే ప్రశ్న ఎదురవ్వవు.

ఇక మన సంగతి. ఇద్దరు బలవంతులు ఒకరి నుంచి ఒకరు రహస్యం దాచుకునే కథల్లో ప్రపంచమంతా చూసింది తెలుగు సినిమాయే, 2022 నాటి 'ఆర్ఆర్ఆర్'. రాజమౌళి దాన్ని స్నేహకథగానే తీశారు. చరిత్రలో అల్లూరి సీతారామరాజు, కొమరం భీం కలుసుకోనే లేదు, కాబట్టి నేను మాట్లాడేది తెర మీది పాత్రల గురించే. అమెరికాలో, ఐరోపాలో ఎందరో ప్రేక్షకులు ఆ జంటలో ప్రేమను చూశారు. మనవాళ్లలో కొందరికి కోపం వచ్చింది. చేతులు పట్టుకోవడం, భుజాన ఎక్కించుకోవడం మనకు స్నేహం, అది నిజమే. కానీ పరాయి ప్రేక్షకులు స్పందించింది ఆ కౌగిళ్లకు మాత్రమే అనుకోను. వాళ్లు కథ ఎముకల గూడును గుర్తుపట్టారు. రామ్ తాను పోలీసునని దాస్తాడు, భీం అక్తర్ పేరుతో తిరుగుతాడు. పాము కాటేసిన రామ్‌కు వైద్యం చేసి, ముందు నోరు విప్పేది భీం. తానెవరో, ఎందుకొచ్చాడో నమ్మి చెప్పేస్తాడు. రామ్ వింటాడు, తన మాట చెప్పడు. తరవాత తన చేత్తోనే కొరడా పట్టి, జనం ముందు భీంను మోకరిల్లమంటాడు. రామ్ అసలు ఆశయం భీంకు తెలిసేది రామ్‌కు కాబోయే భార్య సీత వల్ల. రామ్ తనంతట తాను చెప్పిన క్షణం సినిమాలో లేదు. ఎంత ఇష్టమైన సినిమా అయినా ఆ లోటు నాకు ప్రతిసారీ తెలుస్తూనే ఉంటుంది.

ప్రేమ పేరు పెట్టి తెలుగులో ఈ దారిన వచ్చిన పెద్ద సినిమా 2023 జనవరి నాటి 'హంట్'. మలయాళంలో 2013లో వచ్చిన 'ముంబయి పోలీస్'కు రీమేక్. ప్రమాదంలో గతం మరిచిన పోలీసు అధికారి స్నేహితుడి హత్యను తవ్వుతూ పోతే, చంపింది తానే అని తేలుతుంది. తాను గే అన్న సంగతి స్నేహితుడి కంట పడిందన్నదే ఆ హత్యకు కారణం. సుధీర్‌బాబు వంటి హీరో ఆ పాత్ర వేయడం సాహసం, అందుకు మెచ్చుకుంటాను. కానీ ఆ కథలో ప్రేమికుడికి ఒక మనిషిగా చోటే లేదు. రహస్యం నెత్తుటితోనే తీరుతుంది. అదే ఏడాది నవంబరులో మలయాళంలో మమ్ముట్టి 'కాథల్' చేశారు. ఎన్నికల్లో నిలబడిన నడివయసు మనిషి, డ్రైవింగ్ నేర్పే తంకన్ ఒకే ఊళ్లో ఏళ్ల తరబడి తమ ప్రేమను దాచుకుంటారు. విడాకుల కేసు వేసి ఆ మూతను తీసేది భార్య. హంట్‌కూ కాథల్‌కూ మధ్య పది నెలలే తేడా, కానీ మనుషుల మీద నమ్మకంలో చాలా దూరం ఉంది.

మన దేశంలో స్వలింగ సంబంధాలకు చట్టం అడ్డు 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పుతో తొలగింది. పెళ్లి హక్కు మాత్రం 2023 అక్టోబరు 17న దక్కలేదు. మన దగ్గర ఇద్దరు నాయకులు, ఇద్దరు కాంట్రాక్టర్లు, ఒకే పదవికి పోటీపడే ఇద్దరు అధికారులు ప్రేమించుకుంటే, దాచడానికి కావలసినంత కారణం ఈ గడ్డ మీదే ఉంది. రాయలసీమ ముఠాకథల్లో ఎదురెదురుగా నిలబడే మగవాళ్లను ముప్పై ఏళ్లుగా చూస్తున్నాం. వాళ్ల పగకు మనం ఇచ్చినంత లోతు ఇంకెవరూ ఇచ్చి ఉండరు. చైనా, కొరియా ధారావాహికలు ఉపశీర్షికలతో చూసే పిల్లలు తెలుగులో చదవడానికి సిద్ధంగా ఉన్నారు, ఫోన్లలో తెలుగు ధారావాహికలు రాసేవాళ్లూ ఉన్నారు. అచ్చు పత్రికల సంపాదకులు అలాంటి రాతప్రతి ఒకటి బల్ల మీదకు వచ్చినప్పుడు, ఇందులో అశ్లీలం ఉందా అని వెతికే ముందు, ఇందులో ఇద్దరు మనుషులున్నారా అని చదవాలని నా విన్నపం.